మొదటి ముద్రణ ఎవరిది?

నేను పాత పుస్తకాలు సేకరిస్తాను. అన్నీ కాదు. ఇంగ్లీషులో వచ్చిన సైన్స్ ఫిక్షన్, హారర్ నవలల మొదటి ముద్రణలు మాత్రమే. అవి కూడా గట్టి అట్టవి, పైన కాగితం జాకెట్ చెక్కుచెదరకుండా ఉన్నవి. అమెరికా వచ్చిన కొత్తల్లో మేమున్న ఊరి లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్ముతుంటే రెండు డాలర్లకి షర్లీ జాక్సన్ నవల ఒకటి కొన్నాను. అక్కణ్ణించి మొదలైంది. ఇరవై ఆరేళ్ళు తిరిగేసరికి ఒక గది గోడలు నిండిపోయాయి.

"నాకు పుస్తకాల పిచ్చి" అని నేను చెప్పుకుంటే అందులో కొంచెం గొప్ప కూడా ఉంటుంది. అదే మాట చుట్టాల నోట వచ్చినప్పుడు తీర్పులా వినిపిస్తుంది. ఆడదానికి చీరల పిచ్చి ఉండొచ్చు, నగల పిచ్చి ఉండొచ్చు, చివరికి దేవుడి పిచ్చి కూడా ఉండొచ్చు. దయ్యాల పుస్తకాలూ, వేరే గ్రహాల పుస్తకాలూ వందల డాలర్లు పోసి కొనడమేమిటి? మగవాడు పాత కార్లో, నాణేలో పోగేస్తే అది అభిరుచి. నేను పోగేస్తే దుబారా. ఇన్నేళ్ళూ ఆ మాటలకి సమాధానాలు చెప్పుకుంటూ నా సేకరణని వెనకేసుకొచ్చాను. ఇప్పుడు అదే సేకరణ మీద ఫిర్యాదు రాస్తున్నాను. ఇందులో మొదటి ముద్దాయిని నేనే.

కొన్నేళ్ళ కిందట ఒక పాత పుస్తకాల ప్రదర్శనకి వెళ్ళాం, నేనూ మా ఆయనా. ఒక దుకాణంలో అద్దాల బీరువాలో ఆక్టేవియా బట్లర్ 'కిండ్రెడ్' కనిపించింది. 1979లో డబుల్‌డే సంస్థ వేసిన మొదటి ముద్రణ. ఈ కాలపు నల్లజాతి స్త్రీ ఒకామె ఉన్నట్టుండి బానిసత్వపు రోజుల్లోకి వెళ్ళి పడటం అందులో కథ. "చూడొచ్చా?" అని అడిగాను. అడిగింది నేను. దుకాణదారు బీరువా తాళం తీసి పుస్తకాన్ని భద్రంగా తెచ్చి మా ఆయన చేతుల్లో పెట్టాడు. జీవితంలో ఒక్క నవల కూడా పూర్తిగా చదవని మనిషి ఆయన! "నాక్కాదండీ, తనకి" అంటూ కంగారుగా నా చేతికందించారు. అప్పుడా దుకాణదారు నావైపు తిరిగి మెచ్చుకోలుగా అన్నాడు: "ఎంత బాగుందో చూడండి. దీన్ని ఎవరూ తెరిచినట్టు కూడా లేదు."

ఆ రోజు నన్ను బాధపెట్టింది మొదటి సంగతి. పుస్తకం నా చేతికి రాకపోవడం. రెండో సంగతి, ఎవరూ తెరవలేదన్న ఆ మెచ్చుకోలు, నాకు తప్పుగా అనిపించనే లేదు. పైగా సంతోషించాను. అది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఈ వ్యాపారంలో విలువ ఎలా కడతారో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పుస్తకం మొట్టమొదట అచ్చయిన విడతలోది కావాలి. రెండోసారి అచ్చయిందైతే ధర పడిపోతుంది. జాకెట్ ఉండాలి. అది లేకపోతే ధరలో ఎక్కువ భాగం పోయినట్టే. జాకెట్ లోపలి మడత మీద ధర అచ్చయిన మూల కత్తిరించి ఉంటే తగ్గింపు. బహుమతిగా ఇచ్చేవాళ్ళు ధర కనపడకూడదని అలా కత్తిరించేవాళ్ళు. అంటే ఒకరు ఇంకొకరికి ప్రేమగా ఇచ్చిన గుర్తు ఉంటే తగ్గింపన్నమాట. కొన్నవాళ్ళు మొదటి పేజీలో పేరు రాసుకుంటే తగ్గింపు. పెన్సిల్‌తో గీత గీస్తే తగ్గింపు. కాఫీ మరక పడితే మరీ తగ్గింపు. నెలనెలా చవగ్గా పంపే బుక్ క్లబ్ ప్రతి అయితే పక్కన పెట్టేస్తారు. ఇక లైబ్రరీ ముద్ర పడిందా, వెలి వేసినట్టే.

"చెయ్యి పడలేదు", "మచ్చ లేదు", "ముడత లేదు", "ఒకరి దగ్గరే ఉంది". ఈ మాటలు మనం ఎక్కడో విన్నట్టు లేదూ? పెళ్ళిచూపుల్లో విన్నాం. పుస్తకం పుట్టింది చదవడానికి. చదివితే అది చెడిపోయినట్టని లెక్కగట్టే ఈ కొలత ఏ కళ్ళు తయారు చేసిందో వేరే చెప్పాలా?

ఆ రోజు 'కిండ్రెడ్' కొనలేదు, నా స్తోమతకి మించిన ధర. తర్వాత లైబ్రరీ ప్రతి ఒకటి చవగ్గా దొరికింది. వెనక అట్టకి తేదీలు కొట్టే కాగితం ఇంకా అతికే ఉంది. ఆ కాగితం నిండా ముద్రలే. ఒకదాని మీద ఒకటి పడి కొన్నిచోట్ల చదవలేం కూడా. ఎవరెవరో అన్నిసార్లు తీసుకెళ్ళారు, ఏ రాత్రుళ్ళో చదివారు, తిరిగి తెచ్చిచ్చారు. వ్యాపారుల భాషలో ఇది లోపం. నాకిప్పుడు ఆ గది మొత్తంలో విలువైన కాగితం అదొక్కటే అనిపిస్తుంది.

"ఇదంతా వస్తువు స్థితి గురించి. ఇందులో ఆడా మగా ఏముంది?" అని అడగొచ్చు. అడిగారు కూడా. అందుకే అసలు గట్టి అట్ట దాకా ఎవరు రాగలిగారో చూద్దాం.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో ఈ సాహిత్యం పెరిగింది చవక పత్రికల్లో. ముతక కాగితం మీద అచ్చయి, చదివి పారేసే పత్రికలు. వాటిలోంచి కథలు ఏరి గట్టి అట్టల పుస్తకాలుగా వెయ్యడం కోసం అభిమానులే చిన్న చిన్న ప్రచురణ సంస్థలు పెట్టారు. 1939లో లవ్‌క్రాఫ్ట్ కథల కోసం విస్కాన్సిన్‌లో మొదలైన ఆర్ఖమ్ హౌస్ వాటిలో ప్రసిద్ధమైంది. ఆ మొదటి పుస్తకాన్ని 1,268 ప్రతులు వేశారు. ఈనాడు సేకర్తలు దాన్ని తలుచుకుని నిట్టూరుస్తారు. 1948లో నోమ్ ప్రెస్ వచ్చింది. అసిమోవ్ 'ఐ, రోబో'ని 1950లో వేసింది వీళ్ళే. నా లాంటివాళ్ళం వెతుక్కునే "బంగారు కాలం" ఇదే.

ఈ కాలంలో స్త్రీలు రాయలేదా? రాశారు. 'వియర్డ్ టేల్స్' పత్రికలో 1933లో 'షాంబ్లో' కథతో అందర్నీ ఉలిక్కిపడేలా చేసిన సి.ఎల్. మూర్ అసలు పేరు కేథరిన్ లూసిల్ మూర్. ఆ పొడి అక్షరాలు ఆడపేరు దాచడానికి కాదు. తను పనిచేసే బ్యాంకు వాళ్ళకి కథలు రాస్తున్నట్టు తెలిస్తే ఆ మాంద్యం రోజుల్లో ఉద్యోగం పోతుందని భయపడి అలా పెట్టుకుంది. కానీ ఫలితం చూడండి. హెన్రీ కట్నర్ అనే రచయిత ఆ కథలు చదివి "మిస్టర్ మూర్"కి అభిమానంతో ఉత్తరం రాశాడు. తర్వాత ఆ "మిస్టర్" నే పెళ్ళి చేసుకున్నాడు. అది సరదా కథ. బాగా రాస్తే మగవాడే అయ్యుంటాడన్న నమ్మకం మాత్రం సరదా కాదు. మూర్ ఆ కథ 'షాంబ్లో అండ్ అదర్స్' పేరుతో గట్టి అట్టల్లోకి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది, 1953 దాకా.

అదే నోమ్ ప్రెస్ 1955లో 'సార్గాసో ఆఫ్ స్పేస్' అనే నవల వేసింది. రచయిత పేరు ఆండ్రూ నార్త్. ఆండ్రూ నార్త్ అంటే ఆండ్రే నార్టన్. ఆండ్రే నార్టన్ అంటే ఆలిస్ మేరీ నార్టన్. మగపిల్లల పుస్తకాలకి మగపేరుంటే మంచిదని 1934లోనే చట్టప్రకారం పేరు మార్చుకుందామె. అదీ చాలక దానిమీద ఇంకో మగపేరు! నా అరలో ఆ పుస్తకం ఉంది. వెన్ను మీద ఇప్పటికీ ఆండ్రూ నార్తే.

ఇంకొకామె ఉంది. గెర్ట్రూడ్ బారోస్ బెన్నెట్. భర్త 1910లో చనిపోయాడు. చంటిబిడ్డ, మంచాన పడ్డ తల్లి, టైపు షార్ట్‌హ్యాండ్ పనుల మీద వచ్చే కాసిని డబ్బులు. ఇల్లు గడవడానికి 1917 నుంచి ఆరేడేళ్ళ పాటు ఫ్రాన్సిస్ స్టీవెన్స్ అన్న పేరుతో విచిత్ర గాథలు రాసింది. తర్వాత రాయడం మానేసింది. ఆ కథలు అంత బాగున్నాయి కాబట్టి అవి పేరుమోసిన రచయిత ఎ. మెరిట్ మారుపేరుతో రాసినవని పాఠకులు చాలాకాలం నమ్మారు. ఆమె 'ద హెడ్స్ ఆఫ్ సెర్బెరస్' 1919లో 'ద థ్రిల్ బుక్' అనే పత్రికలో సీరియల్‌గా వచ్చింది. గట్టి అట్ట వేసుకుని పుస్తకంగా వచ్చింది 1952లో. ఆమె 1948లోనే చనిపోయింది. మనం "మొదటి ముద్రణ" అని కళ్ళకద్దుకునే ఆ పుస్తకం ఆమె కన్ను మూసిన నాలుగేళ్ళకి వచ్చింది! మరి నిజంగా మొదటిది ఏది? 1919 నాటి ముతక కాగితం సీరియల్ కాదా?

ఆ తర్వాతి తరానికి వద్దాం. 1960లు, 70లలో పత్రికల చోటుని పేపర్‌బ్యాక్‌లు తీసుకున్నాయి. స్త్రీవాదం ఈ సాహిత్యంలోకి వచ్చింది ఎక్కువగా ఆ మెత్తటి అట్టల్లోంచే. ఉర్సులా లెగ్విన్ 'ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' 1969లో మొదట పేపర్‌బ్యాక్‌గానే వచ్చింది. గట్టి అట్టది ఆ తర్వాత. జోవానా రస్ 'ద ఫీమేల్ మాన్' 1975లో పేపర్‌బ్యాక్. జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ మొదటి రెండు కథా సంపుటాలూ పేపర్‌బ్యాక్‌లే. ఆ టిప్‌ట్రీ ఆలిస్ షెల్డన్ అనే స్త్రీ. జామ్ సీసా మీది పేరు చూసి ఆ మారుపేరు పెట్టుకుంది. 1975 నాటి రెండో సంపుటానికి ముందుమాట రాస్తూ రాబర్ట్ సిల్వర్‌బర్గ్ అంతటివాడు ఈ రచనలో తప్పించుకోలేని మగతనం ఉందని, ఇది ఆడమనిషి రాసింది కాదని తేల్చి చెప్పాడు. రెండేళ్ళు తిరక్కుండా అసలు సంగతి బయటపడింది. ఆయన తన పొరపాటు ఒప్పుకున్నాడు. అది ఆయన మంచితనం. కానీ ఆ ముందుమాట ఉన్నది పేపర్‌బ్యాక్‌లో. గట్టి అట్టలు మాత్రమే కొనే పెద్దమనిషి అలమరలో ఆ పొరపాటూ ఉండదు, ఆ పాఠమూ ఉండదు.

ఇప్పుడు చెప్పండి, గట్టి అట్ట కేవలం అట్టేనా? అది ఒక గుమ్మం. ఎవరి పుస్తకం లైబ్రరీలు కొనాలో, ఎవరిది పదేళ్ళు నిలవాలో, ఎవరిది బస్టాండులో కొని చదివి వదిలెయ్యాలో నిర్ణయించిన గుమ్మం. దాని దగ్గర కాపలా ఉన్నారు. కొందరు స్త్రీలు మగపేరు చెప్పి లోపలికెళ్ళారు, కొందరు చనిపోయాక వెళ్ళారు, కొందరు వేరే దోవన వెళ్ళారు. ఇవాళ మనం అటువైపు నిలబడి, లోపలికొచ్చినవాళ్ళని లెక్కపెట్టి, "ఇదీ ఈ సాహిత్య చరిత్ర" అంటున్నాం. ఆ లెక్కకి డాలర్లలో ధర కూడా కడుతున్నాం.

దీనికి రెండు జవాబులు తరచుగా వస్తాయి. మొదటిది: "ఈ మొత్తం సాహిత్యానికి తల్లి మేరీ షెల్లీ కదా! 'ఫ్రాంకెన్‌స్టైన్' మొదటి ముద్రణకి 2021లో న్యూయార్క్ వేలంలో 11 లక్షల 70 వేల డాలర్లు వచ్చాయి కదా!" వచ్చాయి. ఒక స్త్రీ రాసిన అచ్చు పుస్తకానికి అప్పటిదాకా అంత ధర పలకలేదని పత్రికలన్నీ రాశాయి. కానీ ఆ పుస్తకం తెరిచి చూడండి. 1818లో మూడు భాగాలుగా 500 ప్రతులు వేశారు. ఎక్కడా ఆమె పేరు లేదు. ముందుమాట భర్త పెర్సీ షెల్లీది. అంకితం తండ్రి గాడ్విన్‌కి. భర్త రాశాడనే చాలామంది అనుకున్నారు. ఆమె పేరుతో వచ్చింది 1823 నాటి రెండో ముద్రణ. ఆమె తన గొంతుతో ఆ కథ ఎలా పుట్టిందో చెప్పుకున్నది 1831 ముద్రణలో. అంటే రచయిత్రి కనపడని ప్రతికి లక్షల డాలర్లు. ఆమె కనపడేకొద్దీ ధర దిగుతుంది! ఇందులో ఎవరి కుట్రా లేదు, మొదటిదానికి ఎక్కువ ధర అన్న నియమం ఉందంతే. ఆ నియమం అమాయకంగా తన పని తాను చేసుకుపోతేనే ఇలా అవుతుంది. నా గొడవంతా దాని అమాయకత్వం మీదే. ఇక ఆ రికార్డు సంగతి. అంతకు ముందేడాది, 2020లో, షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటం దాదాపు కోటి డాలర్లకి అమ్ముడుపోయింది. ఆడవాళ్ళ రికార్డు అందులో ఎనిమిదో వంతు.

రెండో జవాబు మరింత గట్టిది: "సేకర్తలే లేకపోతే ఇవేవీ మిగిలేవి కావు." ఇది నిజం. ఒప్పుకుంటున్నాను. ఫ్రాన్సిస్ స్టీవెన్స్‌ని పుస్తకంగా తెచ్చింది ఒక అభిమాని పెట్టిన చిన్న ప్రచురణ సంస్థే. కానీ వాళ్ళు దేన్ని చూసి అచ్చు వేశారు? చింకిపోయిన పాత పత్రికల్ని చూసి. ఎవరో ఒకరు, విలువ లేదని అందరూ అనుకున్న కాగితాల్ని, మూడు దశాబ్దాలు పారెయ్యకుండా దాచబట్టే కదా! అంటే కాపాడింది చెత్తని దాచుకునే ప్రేమ. ధర ఉన్నదాన్ని మాత్రమే దాచే సేకరణ ఆ తర్వాత పుట్టింది, ఆ ప్రేమ మీద బతుకుతోంది.

"మొదటి" అన్న మాట ఎంత బలమైనదో ఈ పత్రిక చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో 'హిందూ సుందరి'లో వచ్చింది. గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. అయినా తొలి తెలుగు కథ 'దిద్దుబాటే'నని దశాబ్దాల పాటు పాఠాలు చెప్పుకున్నాం. స్త్రీల పత్రికలో వచ్చింది లెక్కలోకి రాలేదు. సైన్స్ ఫిక్షన్‌లోనూ మనకి అలాంటి మొదటిదొకటుంది. రొకేయా సఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్'. మగవాళ్ళు పరదాలో ఉండి, ఆడవాళ్ళు ఎండనుంచి శక్తిని పట్టి, గాలిలో ఎగిరే బళ్ళ మీద తిరుగుతూ రాజ్యమేలే లోకం. అది 1905లో అచ్చయింది ఎక్కడ? మద్రాసులో, 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టినావిడ. సన్నటి పుస్తకంగా 1908లో కలకత్తాలో వేశారు. ఇరవై ఆరేళ్ళు సైన్స్ ఫిక్షన్ మొదటి ముద్రణలు వెతికిన నేను ఆ పత్రిక పాత సంచిక కోసం ఒక్క ఉత్తరం ముక్క కూడా ఎవరికీ రాయలేదు. నా జాబితాలో గట్టి అట్ట లేనిదానికి గడే లేదు!

ఇక నా నేరం చెబుతాను.

మాది తెనాలి. మా అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది. వారపత్రికలు కొనుక్కునే స్తోమత లేదు. పక్కింటి వాళ్ళవీ, ఎదురింటి వాళ్ళవీ తెచ్చుకుని చదివేది. వాళ్ళు చదవడం అయిపోయాక సీరియల్ పేజీలు అడిగి తెచ్చుకునేది. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి. ఆ తర్వాత రోజుల్లో యండమూరి 'తులసిదళం' కూడా. అది చదివి రాత్రిళ్ళు దొడ్లోకి వెళ్ళాలంటే నన్ను లేపి తోడు తీసుకెళ్ళేది. హారర్ అంటే ఏమిటో నాకు షర్లీ జాక్సన్ కంటే చాలా ముందు మా అమ్మ చేతి పట్టు చెప్పింది.

సీరియల్ పూర్తయ్యాక ఆ పేజీలన్నీ వరసగా పేర్చి, అంచులు సమం చేసి, దబ్బనంతో కన్నాలు పొడిచి, పురికొసతో కుట్టేది. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపి ఆ జిగురుతో అట్ట అంటించేది. అట్టకి పాత కేలండర్లు, పెళ్ళి శుభలేఖలు, వెన్నుకి చిరిగిన లంగా గుడ్డ. మొదటి పేజీలో నవల పేరు, రాసినవాళ్ళ పేరు. దొరకని వారాలుంటే అవి కూడా రాసిపెట్టేది, ఈ వారం కాయితం దొరకలేదని. ఏ మధ్యాహ్నమో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. పసుపు వేలిముద్రలతో తిరిగొచ్చేవి. నాన్న వాటిని "మీ అమ్మ చెత్త" అనేవారు. పత్రికల్లో విమర్శకులు కూడా దాదాపు అదే అన్నారు. ఆడవాళ్ళవి పగటి కలలు, 'తులసిదళం'ది క్షుద్ర సాహిత్యం. వాటిమీద విమర్శ ఉండకూడదనటం లేదు. వాటిలో స్త్రీలని ఎలా చూపించారో మనమే గట్టిగా విమర్శించాం. కానీ వాటిని ఒక ఆడమనిషి ఎలా చదివిందో, ఎందుకు దాచుకుందో ఎవరూ అడగలేదు.

అమ్మ 2009లో పోయింది. ఇల్లు అపార్ట్‌మెంట్లకి ఇచ్చేస్తూ అన్నయ్య ఫోన్ చేశాడు. "అమ్మ ట్రంకు పెట్టె నిండా ఆ కుట్టిన కాయితాలేనే. ఏం చెయ్యమంటావ్? నువ్వు పుస్తకాలంటే పడిచస్తావు కదా, దాచమంటే దాస్తాను" అన్నాడు. పాపం, వాడు అడిగాడు. నేనేమన్నానో తెలుసా? "అవి పుస్తకాలేంటన్నయ్యా, వీక్లీ కాయితాలు. పాత పేపర్లవాడికి వేసెయ్."

వాడు తూకానికి వేసేశాడు. ఎన్ని కిలోలో నేనడగలేదు.

ఆ వారమే నాకు పోస్టులో ఒక పార్సెల్ వచ్చింది. 'ద హెడ్స్ ఆఫ్ సెర్బెరస్', 1952, గట్టి అట్ట, జాకెట్‌తో సహా. దానికి పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు వేసి, వేలిముద్ర పడకుండా అరలో పెట్టుకుని మురిసిపోయాను. ఒక పేద విధవరాలి సీరియల్ పేజీల్ని ఎవరో దాచినందువల్ల బతికిన పుస్తకం అది. దాన్ని అరలో పెట్టిన చేతులతోనే మా అమ్మ దాచిన సీరియల్ పేజీల్ని తూకానికి పంపించాను. రెండూ ఒకటేనని నాకు తట్టను కూడా లేదు. ఆ దుకాణదారు నన్ను చూడకుండా మా ఆయన్ని చూసినట్టే, నేను మా అమ్మని చూడకుండా ఆమె ట్రంకు పెట్టెకి ధర కట్టాను.

ఆక్టేవియా బట్లర్ తల్లి తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పని చేసేది. వాళ్ళు పారేసిన పుస్తకాలు ఏరి ఇంటికి తెచ్చి కూతురికిచ్చేది. ఆ కూతురు ఎలాంటి రచయిత్రయిందో లోకమంతా చూసింది. బట్లర్ 1993లో రాసిన 'పేరబుల్ ఆఫ్ ద సోవర్', ఆమె చనిపోయిన 14 ఏళ్ళకి, 2020లో 'న్యూయార్క్ టైమ్స్' బెస్ట్‌సెల్లర్ జాబితాకెక్కింది. ఆ తల్లి అట్ట గట్టిదా మెత్తదా అని చూసి ఉంటే? ఆ తల్లి ఇతరులు పారేసినవి ఏరి తెచ్చింది. ఈ కూతురు తల్లి ఏరి కుట్టినవి పారేసింది.

నేను సేకరణ మానెయ్యమనటం లేదు. నేనూ మానలేదు. కొలత మార్చమంటున్నాను. చదివి నలిగిన ప్రతిని ముందు కొనండి. పేర్లు రాసి ఉన్నది, అంకితాలు రాసి ఇచ్చుకున్నది, లైబ్రరీ తేదీలున్నది. ఆడవాళ్ళు ఏ దోవన వచ్చారో ఆ దోవనే వెతకండి. పత్రికల్లో, పేపర్‌బ్యాకుల్లో, సీరియల్ పేజీల్లో. మీ జాబితాలో ఆండ్రూ నార్త్ పక్కన ఆలిస్ మేరీ నార్టన్ అని, ఫ్రాన్సిస్ స్టీవెన్స్ పక్కన గెర్ట్రూడ్ బారోస్ బెన్నెట్ అని రాయండి. నేను ఆ పని పూర్తి చేశాను. ఒక ఆదివారం పట్టింది. ఇన్నేళ్ళలో ఆ ఒక్క ఆదివారం దొరకలేదా నాకు?

అద్దాల బీరువాలో బట్లర్ పుస్తకం చేరినందుకు నాకు సంతోషమే. కానీ ఒక పుస్తకం అద్దం వెనక్కి చేరడం, ఒక చరిత్ర మన చేతికి రావడం ఒకటే అనుకుంటే మళ్ళీ మోసపోతాం. ఇవాళ స్త్రీల పుస్తకాలకి ధర పెరుగుతోంది. ధర పెరిగితే తెరవడం తగ్గుతుంది. మళ్ళీ చెయ్యి పడనిదానికే మర్యాద.

అమ్మ కుట్టిన వాటిలో ఒక్కటి మిగిలింది. ఎదురింటావిడ చదవడానికి పట్టుకెళ్ళి తిరిగివ్వడం మర్చిపోయిందట. మొన్న ఊరెళ్ళినప్పుడు వాళ్ళ కోడలు తెచ్చి ఇచ్చింది. అరువు తీసుకుని తిరిగివ్వకపోవడం వల్ల బతికింది! దాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టలేదు. చదివాను. మధ్యలో రెండు వారాలు లేవు, అమ్మ రాసిపెట్టినట్టే.

మీ ఇళ్ళల్లో అటకల మీద, మంచాల కింద, ఇలాంటి ట్రంకు పెట్టెలు ఇంకా ఉండే ఉంటాయి. ఇల్లు ఖాళీ చేసే రోజు ఎవరైనా ఫోన్ చేసి "ఈ కాయితాలేం చెయ్యమంటావ్?" అని అడిగితే, నేనిచ్చిన జవాబు మీరివ్వకండి.